స్కానింగ్‌లో కనిపించని మంట: ఫ్యాటీ లివర్‌లో రోగనిరోధక కణాల పాత్ర

హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల ఏ డయాగ్నొస్టిక్ సెంటర్‌లో కడుపు స్కానింగ్ చేయించుకున్నా రిపోర్టులో ఒక మాట తరచూ కనబడుతోంది: “లివర్ సైజు నార్మల్. ఎకోజెనిసిటీ పెరిగింది. గ్రేడ్-1 ఫ్యాటీ లివర్.” గ్యాస్ అనుకుని వెళ్లినవాళ్లకో, గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నాయేమోనని వెళ్లినవాళ్లకో, ఉద్యోగంలో చేరేముందు హెల్త్ చెకప్‌కు వెళ్లినవాళ్లకో ఇది కొసరుగా దొరికే కబురు. కొందరు “ఈ రోజుల్లో ఎవరికి లేదు?” అని రిపోర్టును బీరువాలో పడేస్తారు. కొందరు టెన్షన్ పడి ఆ రాత్రే ఫోన్‌లో లివర్ క్లీన్ చేసే కషాయాల వీడియోలు చూస్తారు. ఇద్దరూ ఆ గ్రేడ్‌ను జబ్బు తీవ్రత అనుకునే పొరబడుతున్నారు. అది లివర్‌లో కొవ్వు ఎంత పేరుకుందో ఉజ్జాయింపుగా చెబుతుంది, అంతే. ఆ కొవ్వును చూసి శరీరంలోని రోగనిరోధక కణాలు ఏం చేస్తున్నాయో చెప్పదు. జబ్బు అక్కడే ఆగుతుందా, లివర్ మచ్చలు కట్టి గట్టిపడే సిరోసిస్ దాకా పోతుందా అన్నది చాలావరకు ఆ కణాల మీద ఆధారపడి ఉంటుంది.

లివర్ కణాల్లో 5 శాతానికి మించి కొవ్వు చేరితే ఫ్యాటీ లివర్ అంటారు. మామూలు అల్ట్రాసౌండ్ దాన్ని నమ్మకంగా పట్టుకోవాలంటే కొవ్వు 20 నుంచి 30 శాతం దాకా ఉండాలి. అంటే గ్రేడ్-1 అని రాసేసరికే కథ కొంత నడిచి ఉంటుంది. అప్పటిదాకా నాన్-ఆల్కహాలిక్ ఫ్యాటీ లివర్ అని పిలిచిన ఈ జబ్బుకు 2023లో ప్రపంచ లివర్ వైద్య సంఘాలు ఎంఏఎస్‌ఎల్‌డీ అని కొత్త పేరు పెట్టాయి. మద్యం అలవాటు లేకపోవడం కన్నా ఒంట్లో చక్కెర, కొవ్వుల నిర్వహణ చెడిపోవడమే అసలు గుర్తు అని ఆ పేరు ఉద్దేశం. దేశంలో జరిగిన అధ్యయనాలన్నిటినీ ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు కలిపి చూసి, 2022లో ప్రచురించిన లెక్కలో పెద్దవాళ్లలో దాదాపు 38 శాతం మందికి ఇది ఉన్నట్టు తేలింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఇచ్చిన ఫలితం మరీ ఎక్కువ, 84 శాతం. రోజంతా కుర్చీలో కూర్చునే ఒక వర్గం లెక్క అది, ఊరందరికీ అంటగట్టకూడదు. కానీ ఆ కుర్చీల్లో వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ పిల్లలు ఎంతమంది ఉన్నారో ఇక్కడి తల్లిదండ్రులకు తెలియనిది కాదు.

ఓర్పు ఎక్కువున్న అవయవం

లివర్‌కు వచ్చే రక్తంలో ముప్పావు వంతు పేగుల నుంచి పోర్టల్ సిర ద్వారా వస్తుంది. పొద్దున తిన్న ఇడ్లీ నుంచి వచ్చిన చక్కెరతోపాటు, అరిగీ అరగని ప్రొటీన్ ముక్కలు, పేగుల్లో చచ్చిన బ్యాక్టీరియా తునకలు కూడా ఆ దారినే వస్తాయి. వీటిలో ప్రతిదాని మీదా రోగనిరోధక వ్యవస్థ తిరగబడితే మనిషి బతకడం కష్టం. అందుకే లివర్‌లోని రోగనిరోధక కణాలకు పుట్టుకతోనే ఓర్పు ఎక్కువ. 1969లో కేంబ్రిడ్జ్ సర్జన్లు ఒక పంది లివర్‌ను ఇంకో పందికి అమర్చినప్పుడు, రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఇవ్వకుండానే అది చాలావాటిలో నిలబడింది. కిడ్నీకి ఆ అదృష్టం ఉండదు.

ఈ ఓర్పుకు కాపలాదారులు కుప్ఫర్ కణాలు. లివర్‌లోని సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కుని, రక్తంలో కొట్టుకొచ్చే చెత్తను మింగేసే మాక్రోఫేజ్‌లు ఇవి. శరీరంలోని అవయవాల్లో స్థిరపడిన మాక్రోఫేజ్‌లలో అత్యధికం ఇక్కడే ఉంటాయి. పిండదశలోనే వచ్చి స్థిరపడి, తమ సంఖ్యను తామే నిలబెట్టుకుంటాయి. (1876లో జర్మన్ శాస్త్రవేత్త కుప్ఫర్ మైక్రోస్కోప్ కింద చూసింది నిజానికి వీటిని కాదు, పక్కనే ఉండే నక్షత్రాకారపు స్టెలేట్ కణాలను. పేరు మాత్రం వీటికి స్థిరపడిపోయింది. ఆ స్టెలేట్ కణాలు ఈ కథలో తర్వాత వస్తాయి.)

ఇంత ఓర్పున్న చోట గొడవ ఎందుకు మొదలవుతుంది? దానికి లివర్ వదిలి పొట్ట దగ్గరికి వెళ్లాలి. 1993లో హార్వర్డ్ పరిశోధకులు ఊబకాయం ఉన్న ఎలుకల కొవ్వులో టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే పదార్థం తయారవుతోందని, అది ఇన్సులిన్ పనిని అడ్డుకుంటోందని చూపించారు. అది ఇన్‌ఫ్లమేషన్, అంటే రోగనిరోధక కణాలు రేపే మంట, రాజేసే పదార్థం. కొవ్వులో దానికేం పని అని అప్పట్లో ఆశ్చర్యపోయారు. పదేళ్ల తర్వాత, 2003లో, జవాబు దొరికింది. ఉబ్బిపోయిన కొవ్వు కణాల చుట్టూ మాక్రోఫేజ్‌లు గుంపులుగా చేరుతున్నాయి. నడుము చుట్టూ పేరుకున్న కొవ్వు ఊరికే కూర్చోదు. సన్నగా, ఎడతెగకుండా మంట పెడుతుంది. ఆ మంటలో ఇన్సులిన్ మాట చెల్లదు. కొవ్వు కణాలు తమ దగ్గర దాచిన కొవ్వు ఆమ్లాలను రక్తంలోకి వదిలేస్తాయి. వాటి తదుపరి మజిలీ లివర్.

ఇక్కడ మన వంటిళ్లకు సంబంధించిన ఒక లెక్క ఉంది. 2005లో అమెరికాలో కొందరు రోగులకు జాడ పట్టగలిగే పదార్థాలు ఇచ్చి, లివర్‌లోని కొవ్వు ఎక్కడినుంచి వచ్చిందో లెక్కగట్టారు. సుమారు 59 శాతం ఒంట్లోని కొవ్వు నుంచి వచ్చింది. 26 శాతాన్ని పిండిపదార్థాల నుంచి, చక్కెర నుంచి లివరే స్వయంగా తయారు చేసుకుంది. తిన్న నూనె, నెయ్యి నుంచి నేరుగా వచ్చింది 15 శాతమే. రిపోర్టు చూడగానే “నూనె బంద్ పెట్టిన” అని చెప్పి, పళ్లెంలో అన్నం మాత్రం ఎప్పటిలా గోపురంలా పెట్టుకునేవాళ్లకు ఆశించిన ఫలితం ఎందుకు రాదో ఇందులోనే తెలుస్తుంది.

కొవ్వు చుక్క విషం కాదు

లివర్ కణంలో కనబడే కొవ్వు చుక్క ట్రైగ్లిజరైడ్. చూడటానికి అదే దోషి అనిపిస్తుంది. 2007లో అమెరికా పరిశోధకులు ఎలుకల లివర్‌లో ట్రైగ్లిజరైడ్ తయారీని ఆపేశారు. కొవ్వు తగ్గింది. కానీ ఇన్‌ఫ్లమేషన్ పెరిగింది, మచ్చ పడటం కూడా పెరిగింది. కణంలోకి వచ్చిపడే కొవ్వు ఆమ్లాలను ట్రైగ్లిజరైడ్‌గా మార్చి మూట కట్టడం లివర్ తనను తాను కాపాడుకునే పద్ధతి అని ఆ ప్రయోగం చెప్పింది. హాని చేసేది మూట కట్టకుండా మిగిలిపోయినవి: పామిటిక్ ఆమ్లం లాంటి కొవ్వు ఆమ్లాలు, సెరమైడ్లు, కణంలో పేరుకున్న ఫ్రీ కొలెస్ట్రాల్. ఇవి కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బతీస్తాయి. కణం బెలూన్‌లా ఉబ్బుతుంది. బయాప్సీ (లివర్ నుంచి తీసిన చిన్న ముక్క) చూసే డాక్టర్లు వెతికే ముఖ్య గుర్తు ఇదే.

ఉబ్బి చితికిన కణం నుంచి బయట పడకూడని సరుకు బయట పడుతుంది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ, ఏటీపీ లాంటివి. కుప్ఫర్ కణాలకు ఇవి ప్రమాద సంకేతాలు. అదే సమయంలో పేగుల గోడ కూడా కాస్త వదులై, బ్యాక్టీరియా పైపొర తునకలు మామూలు కన్నా ఎక్కువగా పోర్టల్ సిరలోకి చేరుతుంటాయి. రెండువైపుల నుంచీ రెచ్చగొట్టుడు. అంతకాలం ఓర్చుకున్న కుప్ఫర్ కణాలు టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వదులుతాయి. సీసీఎల్-2 అనే రసాయనంతో రక్తంలోని మోనోసైట్లు అనే తెల్లకణాలను పిలుస్తాయి.

తర్వాత జరిగేది కొత్త పరిశోధనల్లోనే స్పష్టంగా తెలిసింది. కుప్ఫర్ కణాలు ఈ పరిస్థితుల్లో క్రమంగా చచ్చిపోతాయి. వాటి జాగాలో రక్తం నుంచి వచ్చిన మోనోసైట్లు మాక్రోఫేజ్‌లుగా మారి స్థిరపడతాయి. వీటికి పాతవాళ్లంత ఓర్పు లేదు, తొందరగా ఇన్‌ఫ్లమేషన్ పెంచుతాయి. న్యూట్రోఫిల్స్ అనే ఇంకో రకం తెల్లకణాలు వచ్చి ఘాటైన ఎంజైములు చల్లిపోతాయి.

వీటన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేవి సీడీ-8 టీ-కణాలు. వైరస్ పట్టిన కణాన్ని గుర్తుపట్టి చంపడం వీటి పని. గుర్తు సరిపోలకపోతే చంపవు. 2021లో జర్మనీ శాస్త్రవేత్తల బృందం చూపించిన దాని ప్రకారం, ఇన్‌ఫ్లమేషన్ ముదిరిన లివర్‌లో కొన్ని టీ-కణాలు ఈ నియమం తప్పుతున్నాయి. గుర్తుతో పనిలేకుండా ఎదురైన లివర్ కణాన్నల్లా చంపుతున్నాయి. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనం ఇంకో అడుగు ముందుకు వెళ్లింది. లివర్ క్యాన్సర్‌కు ఇచ్చే ఇమ్యునోథెరపీ మందులు టీ-కణాల కళ్లెం వదులుతాయి. వైరల్ హెపటైటిస్ వల్ల వచ్చిన క్యాన్సర్‌లో చేసినంత మేలు, ఫ్యాటీ లివర్ నుంచి వచ్చిన క్యాన్సర్‌లో ఆ మందులు చేయకపోవచ్చని అందులో తేలింది. ముందే దారి తప్పిన కణాలకు కళ్లెం వదిలితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు స్టెలేట్ కణాలు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఇవి విటమిన్-ఏ దాచుకుని నిశ్శబ్దంగా ఉంటాయి. మాక్రోఫేజ్‌ల నుంచి టీజీఎఫ్-బీటా అనే సంకేతం ఎడతెగకుండా వస్తుంటే విటమిన్‌ను వదిలేసి కొల్లాజెన్ నేయడం మొదలుపెడతాయి. ఈ నారలాంటి మచ్చ పేరే ఫైబ్రోసిస్. ఇది నెమ్మదిగా సాగుతుంది. ఉత్త కొవ్వు మాత్రమే ఉన్నవాళ్లలో మచ్చ ఒక దశ పెరగడానికి సగటున 14 ఏళ్లు, ఇన్‌ఫ్లమేషన్ ఉన్నవాళ్లలో 7 ఏళ్లు పడుతుందని 2015లో ఒక సమీక్ష లెక్కగట్టింది. ఈ ఏడేళ్ల తేడాయే రోగనిరోధక కణాల పాత్రకు కొలత అనుకోవచ్చు.

మరి ఆ కణాలను అణిచేస్తే సరిపోదా? మందుల కంపెనీలు వందల కోట్లు పోసి ఇదే ఆలోచనను పరీక్షించాయి. మోనోసైట్లు లివర్‌లోకి రాకుండా తలుపు మూసే సెనిక్రివిరాక్ అనే మందు మొదట్లో ఆశ చూపించింది. మూడో దశ ట్రయల్‌లో పని చేయడం లేదని తేలి 2021లో ఆపేశారు. కణాల చావును అడ్డుకుంటాయనుకున్న సెలోన్‌సెర్టిబ్, ఎమ్రికసాన్‌లదీ అదే గతి. పొయ్యి మండుతూనే ఉంటే పొగను విసనకర్రతో ఎంతసేపు తోలగలం?

మంట ఒక్కటే ఆపబోతే ఎందుకు కుదరదో 2005 నాటి ఒక ఎలుకల ప్రయోగం ముందే హెచ్చరించింది. లివర్ దెబ్బ తింటున్నప్పుడు మాక్రోఫేజ్‌లను తీసేస్తే మచ్చ తగ్గింది. లివర్ కోలుకుంటున్నప్పుడు తీసేస్తే మచ్చ కరగకుండా అట్లాగే మిగిలిపోయింది. మచ్చ వేయించేవీ, పరిస్థితి మారాక దాన్ని కరిగించేవీ మాక్రోఫేజ్‌లే. వాటి చుట్టూ ఉన్న పరిస్థితిని బట్టి అవి ఏ పక్షమో తేలుతుంది.

నెగ్గిన మందులు అందుకే వేరే దారిలో వెళ్లాయి. 2024 మార్చిలో అమెరికాలో అనుమతి పొందిన రెస్మెటిరోమ్ లివర్‌లో కొవ్వు ఖర్చయ్యేలా చేస్తుంది. 2025 ఆగస్టులో ఈ జబ్బుకు అనుమతి పొందిన సెమాగ్లుటైడ్ ఆకలిని, బరువును తగ్గిస్తుంది. దాని ట్రయల్‌లో మందు తీసుకున్నవాళ్లలో దాదాపు 63 శాతం మందికి ఇన్‌ఫ్లమేషన్ పోయింది, మందు లేని ఉత్త సూది తీసుకున్నవాళ్లలో 34 శాతం మందికి. మన దేశంలో సారోగ్లిటజార్‌కు 2020లోనే అనుమతి వచ్చింది. వీటిలో ఏదీ రోగనిరోధక కణాల మీద నేరుగా గురిపెట్టింది కాదు. కణాలను రెచ్చగొట్టేదాన్ని తగ్గించాయి, కణాలు వాటంతట అవే చల్లబడ్డాయి.

బరువు తగ్గితే కూడా జరిగేది ఇదే. క్యూబాలో 293 మందిని ఏడాదిపాటు గమనించి, బయాప్సీలు చేసి 2015లో ఇచ్చిన ఫలితాల్లో, ఒంటి బరువులో 10 శాతం తగ్గించుకున్నవాళ్లలో 90 శాతం మందికి ఇన్‌ఫ్లమేషన్ పోయింది, 45 శాతం మందికి మచ్చ కూడా వెనక్కి తగ్గింది. 80 కిలోల మనిషికి 10 శాతమంటే 8 కిలోలు. వినడానికి తేలికే, కానీ ఆ అధ్యయనంలో అంత తగ్గగలిగింది పదిమందిలో ఒక్కరే. “బరువు తగ్గు” అని చీటీ మీద రాసిచ్చి పంపేయడం ఎందుకు సరిపోదో ఈ అంకె చెబుతుంది.

ఇమ్యూనిటీ పేరుతో అమ్మేవి

కరోనా తర్వాత ఇమ్యూనిటీ పెంచుతామనే పొడులు, చూర్ణాలు కిరాణా షాపుల దాకా వచ్చాయి. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లూ వాటిని కొంటున్నారు. పైన చెప్పినదంతా చూస్తే అందులోని తిరకాసు తెలుస్తుంది. ఈ లివర్‌లో రోగనిరోధక శక్తి తక్కువై బాధ రాలేదు, ఉండకూడని చోట ఉండకూడనంత ఉంది. తిప్పతీగ సంగతే చూడండి. కరోనా రోజుల్లో దాన్ని విపరీతంగా వాడారు. ఆ కాలంలోనే ముంబై వైద్యులు, తర్వాత దేశంలోని ఇతర కేంద్రాల వైద్యులు తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులను ప్రచురించారు. చాలామందిలో అది సొంత రోగనిరోధక కణాలే లివర్ మీద పడే ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లా కనిపించింది. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఈ నిర్ధారణను ఒప్పుకోలేదు. ఆ వాదన ఎట్లా తేలినా, లివర్ జబ్బు ఉందని తెలిసినవాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు. కామెర్లకు పోసే పసరు మందుల విషయమూ అంతే. అందులో ఏం కలిపారో పోసేవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

కల్లు, మందు సంగతి కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. స్కానింగ్‌లో మద్యం వల్ల వచ్చిన కొవ్వుకూ, షుగర్ వల్ల వచ్చిన కొవ్వుకూ తేడా తెలియదు. మన దగ్గర చాలామంది మగవాళ్లలో రెండూ కలిసే ఉంటాయి. రక్తపరీక్షలో లివర్ ఎంజైములైన ఏఎస్‌టీ (ఎస్‌జీఓటీ) అంకె ఏఎల్‌టీ (ఎస్‌జీపీటీ)కి రెట్టింపు దాటితే మద్యం పాత్ర ఎక్కువని డాక్టర్లు అనుమానిస్తారు. కల్లు కంపౌండ్‌లో రోజూ సాయంత్రం ఎన్ని సీసాలు అన్నది భార్య ముందు చెప్పలేకపోతే డాక్టరు దగ్గరైనా చెప్పాలి.

తిండి విషయంలో ఉత్తర తెలంగాణ మారిన తీరు కూడా చూడాలి. శ్రీరాంసాగర్ కాలువలు, బోర్లు, 1983 నాటి కిలో రెండు రూపాయల బియ్యం, ఇవన్నీ కలిసి జొన్న గటక, మక్క గటక తినే ఇళ్లను మూడు పూటల అన్నం తినే ఇళ్లుగా మార్చాయి. దాన్ని తప్పుబట్టలేం, ఆకలి తీరింది. పైగా జొన్నరొట్టె కూడా పిండిపదార్థమే, దానికి లేని మహిమలు అంటగట్టడం కూడా అతే. ఎక్కువ మారింది ఒంటి పని. నాట్లకు, కోతలకు యంత్రాలు వచ్చాయి, పొలం దాకా బండి పోతుంది, తిండి మాత్రం నాగలి దున్నిన రోజుల లెక్కలోనే ఉంది. కండ తక్కువ, నడుము కొవ్వు ఎక్కువ ఉండే శరీరాలు మనవి. అందుకే మన దగ్గర బీఎంఐ 23 దాటితేనే అధిక బరువు అంటారు. మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదం. సన్నగా కనిపించేవాళ్లకూ ఫ్యాటీ లివర్ రావడం ఇక్కడ వింత కాదు. కొందరిలో జన్యువుల పాత్ర కూడా ఉంది. 2008లో కనుక్కున్న పీఎన్‌పీఎల్‌ఏ-3 జన్యువులోని ఒక మార్పు ఉన్నవాళ్లలో కొవ్వు చేరడమే కాదు, మచ్చ పడటం కూడా ఎక్కువ.

ఇక రిపోర్టు చేతిలో ఉన్నవాళ్లు చేయగలిగిన పని ఒకటుంది. మచ్చ అవకాశాన్ని అంచనా వేసే ఫిబ్-4 అనే స్కోరుకు ప్రత్యేక పరీక్ష అక్కర్లేదు. వయసు, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్లు చాలు. ప్రభుత్వ తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌లో ఉచితంగా చేసే ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పరీక్ష), సీబీపీ (రక్తకణాల లెక్క)లలో ఇవన్నీ వస్తాయి. వయసును ఏఎస్‌టీతో గుణించాలి. ప్లేట్‌లెట్లను వేలల్లో రాసుకుని (1.8 లక్షలంటే 180) ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి.

ఉదాహరణకు 38 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఏఎస్‌టీ 52, ఏఎల్‌టీ 81, ప్లేట్‌లెట్లు 2.6 లక్షలు, స్కానింగ్‌లో గ్రేడ్-2 అనుకుందాం. స్కోరు 0.84. షుగర్ ఉన్న 52 ఏళ్ల రైతుకు ఏఎస్‌టీ 48, ఏఎల్‌టీ 64, ప్లేట్‌లెట్లు 1.8 లక్షలు, స్కానింగ్‌లో గ్రేడ్-1. స్కోరు 1.73. గ్రేడ్ చూసినా, ఎంజైములు చూసినా మొదటి మనిషి గురించే దిగులు పడతాం. కానీ స్కోరు 1.3 లోపు ఉంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే ఎక్కువ. మధ్యలో ఉన్న రైతే లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించుకోవాల్సిన మనిషి. అందులో 8 కిలోపాస్కల్స్ లోపు వస్తే ఊరట, దాటితే లివర్ స్పెషలిస్టు దగ్గరికి వెళ్లాలి. మచ్చ బాగా ముదిరిన లివర్‌లో కొవ్వు తగ్గిపోవడం కూడా ఉంటుంది. కాబట్టి ప్లేట్‌లెట్లు ఏటేటా పడిపోతున్న మనిషికి “గ్రేడ్ తగ్గింది” అని రిపోర్టు వస్తే అది శుభవార్త అని ధీమాగా చెప్పలేం.

ఈ స్కోరు 35 ఏళ్ల లోపు వాళ్లలో సరిగా పనిచేయదు. 65 దాటినవాళ్లకు 1.3 బదులు 2 ను హద్దుగా తీసుకుంటారు. స్కోరు తక్కువ వచ్చినా షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికో రెండేళ్లకో, లేనివాళ్లు రెండు మూడేళ్లకోసారి మళ్లీ లెక్క చూసుకోవాలి.